గింజంత తక్కువ

మేస్త్రి చెక్కబద్దను అద్దం మీద పెట్టి, ఎడమచేతి బొటనవేలితో నొక్కిపట్టి, కట్టరు మొనను నూనెలో ముంచి తీశాడు. బల్ల మీద పాత కంబళి, కంబళి మీద అద్దం పలక. కోయాల్సిన వెడల్పు ఇరవైనాలుగు అంగుళాలు. బడి కిటికీలన్నిటికీ ఒకటే కొలత. పొద్దుటినుంచి ఇది పన్నెండోది. గీత గీశాడు. చిర్రుమనే ఆ చప్పుడు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తెగకుండా రావాలి. వచ్చింది. గీత ఒక్కసారే గీయాలి, రెండోసారి గీస్తే అద్దం మాట వినదు. పలకను బల్ల అంచుకు జరిపి, గీతను అంచు మీదికి తెచ్చుకుని, రెండు చేతులతో టక్కున కిందికి నొక్కాడు. అద్దం చెప్పినట్టే రెండయింది.

తీసుకెళ్లి చట్రంలో కూర్చోబెట్టబోతే ఒక పక్క వేలు దూరేంత సందు తేలింది.

"అరెరే!" అన్నాడు లప్పం. అద్దాల చుట్టూ లప్పం పూయడం అతని పని, ఆ పనే అతనికి పేరయి కూచుంది. బొటనవేలి మీద లప్పం ముద్ద అలాగే ఉంచుకుని, వంగి, ఆ సందులోంచి అవతలికి చూశాడు. "అంగుళం తక్కువ! మేస్త్రీ, ఇది కోసింది నువ్వేనా?"

కోసింది మేస్త్రే. ముప్ఫైఒక్కేళ్లుగా ఆ కొట్లో నిలబడి, వచ్చినవాడికల్లా ఒకటే పాఠం చెప్పినవాడు. చెక్క ఉబ్బుతుంది, ఇనుము సాగుతుంది, గోడ కుంగుతుంది, అద్దం ఒక్కటే సర్దుకోదు. అందుకని చట్రం కన్నా అద్దం గింజ మందం తక్కువ ఉండాలి. గింజ ఎక్కువైతే ఎండాకాలంలో దానంతటదే పగులుతుంది. ఈ పాఠం విని విని కొట్లోవాళ్లు అతనికి గింజమేస్త్రి అని పేరు పెట్టారు. గింజ తక్కువ చెయ్యడంలో అతన్ని మించినవాడు లేడు. కానీ అంగుళం!

తప్పు ఎక్కడ జరిగిందో అతనికి తెలుసు. ఆ చెక్కబద్ద అతను పని నేర్చుకున్ననాటిది. మొదలు అరిగి అరిగి గుండ్రంగా అయిపోయింది. గోడకి మూడు కొత్త బద్దలు వేలాడుతున్నా వాటిని ముట్టుకోడు. సున్నా దగ్గర నమ్మకం లేదు కాబట్టి ఒకటి దగ్గర మొదలుపెడతాడు, చివర ఒకటి కలుపుతాడు. ఇరవైనాలుగు కావాలంటే ఇరవైఅయిదు దగ్గర గీత. ఇన్నేళ్లూ ఆ ఒకటి కలపడం చెయ్యి మరిచిపోలేదు. ఇవాళ మరిచిపోయింది. మొదలు తప్పు పెట్టుకుంటే చివర ఎంత జాగ్రత్తగా గీసి ఏం లాభం!

"ఈ తేదీ గోడ మీద రాసుకోవాలి" అని లప్పం పకపకా నవ్వాడు. "ఏంటి, మనసు ఎక్కడుంది?"

మనసు చొక్కా జేబులో ఉంది. జేబులో నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది.

ఆ కాగితం అక్క ఇచ్చింది. అక్క బట్టల కుట్లు విప్పి మళ్లీ కుట్టే మనిషి. పొడుగైనవి పొట్టి చెయ్యడం, బిగువైనవి వదులు చెయ్యడం ఆవిడ పని. కుట్టడానికి వచ్చే కోట్ల జేబుల్లో జనం ఏవేవో మరిచిపోతుంటారు. బొత్తాలు, తాళంచెవులు, ఒకసారైతే ఒక ప్రేమలేఖ కూడా. అన్నీ తిరిగి ఇచ్చేసేది. ఇయ్యనిది ఈ కాగితం ఒక్కటే. రైల్వేవాళ్లు అచ్చువేసింది. సెలవుల పాసు: వారానిది, రెండు వారాలది, మూడు వారాలది. కొన్నరోజు తేదీ అయినా వేయించుకోవచ్చు. వేసిన తేదీ నుంచి ఏ బండైనా ఎక్కొచ్చు, ఎక్కడైనా దిగొచ్చు, మళ్లీ ఎక్కొచ్చు. ఒకసారి తేదీ వేశాక మార్చడం కుదరదు.

"నాకేం చూడాలని లేదురా" అంది అక్క ఆ కాగితం చూపించిన రోజున. "కిటికీ పక్కన కూర్చోవాలి. చేతిలో పని ఉండకూడదు. అంతే."

అరవైఎనిమిదేళ్ల మనిషి కోరిన కోరిక అది. మేస్త్రికి అయిదేళ్లప్పుడు తల్లి పోయింది, ఆ వెనకే తండ్రి పోయాడు. అక్కకి అప్పటికి పద్నాలుగు. కుట్టుకొట్లో అంచులు కుట్టడానికి కుదురుకుంది. తమ్ముడి నిక్కర్లకి లోపల మూడు మడతలు వదిలి కుట్టేది. వాడు ఎదిగినకొద్దీ ఒక్కో మడతా విప్పేది. సంబంధాలు రాకపోలేదు. వచ్చినవాళ్లంతా తమ్ముడి సంగతేమిటని అడిగారు. "వాడూ నాతోనే వస్తాడు" అనేది. వాళ్లు చూస్తామని చెప్పి వెళ్లేవాళ్లు. తమ్ముడు పెద్దవాడయ్యాక అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ ఎవర్నీ అడగలేదు. రైలుపట్టాల పక్క మేడమీద రెండు గదుల్లో ఇద్దరూ అలా ఉండిపోయారు.

"ఒకే కడుపున పుట్టాం, చూడు" అని అక్క నవ్వేది. "నాకు ఎక్కువ కొయ్యడం ధర్మం, నీకు తక్కువ కొయ్యడం ధర్మం."

మేస్త్రి జీవితమంతా తక్కువ కోసుకున్నాడు. సెలవు తక్కువ, మాట తక్కువ, కోరిక మరీ తక్కువ. కొట్లో రెండు రోజులు వరసగా మానింది ఒక్కసారే, చేతికి ఏడు కుట్లు పడ్డప్పుడు. అద్దాలు నిలువుగా మోసి మోసి ఎడమ భుజం కుంగింది. గుమ్మంలోంచి వెళ్లేటప్పుడు చేతిలో ఏమీ లేకపోయినా సరే, పక్కకి తిరిగే వెళతాడు. వీధిలో పిల్లలు అది చూసి ఆడుకునేవాళ్లు.

ఇక అసలు సంగతి. మంగళవారం నాడు అక్కని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మెట్లెక్కితే ఆయాసం, చీలమండల దగ్గర వాపు. అక్క లోపల చెప్పులు వేసుకుంటుండగా డాక్టరు అతన్ని వరండాలోకి పిలిచాడు. గుండె బాగా సడలిపోయిందన్నాడు. మందులతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, అంతకన్నా ఏమీ లేదన్నాడు. మేస్త్రికి అడగడానికి ఇంకేమీ తోచక రైలు సంగతి అడిగాడు.

"కూర్చుని చేసే ప్రయాణమేగా? చేయించండి. మంచిదే" అన్నాడు డాక్టరు. "రెండు వారాల్లోపు అయితే ధైర్యంగా చెప్పగలను. ఆపైన నన్నడక్కండి."

బయటికొచ్చాక అక్క అడిగింది, "ఏమన్నాడ్రా?"

"ఏమంటాడు? రక్తం తక్కువట. మందులు వాడమన్నాడు."

"ఓస్, అంతేనా" అంది అక్క.

అప్పటినుంచీ మేస్త్రి తలలో కొలతలే. రెండు వారాలు చట్రం అనుకుంటే అందులో పట్టేది వారం పాసు. శనివారం ఎక్కి, పై శనివారానికి ఇల్లు చేరితే నాలుగు పక్కలా సందు మిగులుతుంది. సరిగ్గా సరిపోయింది. కానీ వారం పాసు తీసుకెళ్లి అక్క చేతిలో పెడితే? ఆవిడ మనిషిని తలుపులో చూడగానే నడుము కొలత చెప్పేస్తుంది. వారమే ఎందుకు తెచ్చాడో ఇట్టే పట్టేస్తుందేమో! పెద్దది తెస్తే నీకేం ఫరవాలేదు అన్నట్టుంటుంది. ఏది తేవాలి? ఇదీ అతని బెంగ. ఇవాళ పొద్దున బయల్దేరేటప్పుడు అక్క అన్నం డబ్బా చేతికిచ్చి నవ్వింది.

"పెద్దదే తెమ్మని నేననను. గుడ్డయితే మాత్రం పెద్దదే కోస్తాను. ఎక్కువైతే లోపలికి మడుచుకోవచ్చు, తక్కువైతే ఎక్కణ్నుంచి తెస్తాం?"

"సరేలే."

"నువ్వు వారమే తెస్తావు. నాకు తెలుసుగా నీ సంగతి."

అక్క ఆ మాట అంటుండగా కింద ఎనిమిదింటి బండి వెళ్లింది, కిటికీ అద్దం గలగలమంది. ఆ అద్దం అతను వేసిందే. ఒక పక్క లప్పం ఎండి రాలిపోయి ఆరేడేళ్లయింది. మళ్లీ పూస్తానంటూనే ఉన్నాడు, పూయలేదు. ఆ సందులో అక్క మందుల చీటీలు, కొలతల కాగితాలు గుచ్చుకుంటుంది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అని రోజూ దెప్పుతుంది.

*

అంగుళం తక్కువైన పలకని పక్కన పెట్టి మేస్త్రి ఓనరు గదిలోకి పక్కకి తిరిగి వెళ్లాడు. ఓనరు కుర్రవాడు, వాళ్ల నాన్న పోయాక కొట్టు చూసుకుంటున్నాడు. చెడ్డవాడు కాడు. బడి వాళ్లతో ఫోనులో మాట్లాడి అప్పుడే పెట్టేశాడు.

"సెలవు కావాలి" అన్నాడు మేస్త్రి.

ఓనరు అతన్ని ఎగాదిగా చూశాడు. "మీకా? సెలవా? ఏంటి మేస్త్రీ, పెళ్లి కుదిరిందా?"

"అక్కని తీసుకుని ఊళ్లు తిరిగొద్దామని."

"తిరిగిరండి, తప్పకుండా తిరిగిరండి. మీకు కాకపోతే ఎవరికిస్తాను? కాకపోతే ఈ బడి పని చూశారుగా. తొంభై అద్దాలు. సోమవారం కాక పై సోమవారం బడి తెరుస్తారు. ఆదివారానికల్లా వేసెయ్యండి, ఆ మర్నాటి నుంచి నెల తీసుకుంటారో, రెండు నెలలు తీసుకుంటారో మీ ఇష్టం. పదకొండు రోజులేగా!"

చెప్పాల్సిన మాట మేస్త్రి గొంతులోకి వచ్చింది. అక్కకి బాలేదు, అది నా చేతుల్లో లేదు. అంతే, రెండు ముక్కలు. కానీ గది తలుపు బార్లా తెరిచి ఉంది, అవతల లప్పం చెవులు రిక్కించి కూచున్నాడు. లప్పం నోట్లో నువ్వుగింజ నానదు. వాడి పెళ్లాం జాకెట్లు అక్క దగ్గరే కుట్టించుకుంటుంది. ఇక్కడన్న మాట సాయంత్రానికల్లా మేడ మెట్లెక్కుతుంది. పైగా నోరు తెరిచి అంటే అది నిజమైపోతుందని ఒక పిచ్చి భయం.

మనసులోనే లెక్క వేసుకున్నాడు. మంగళవారం నుంచి పద్నాలుగు రోజులు. పై సోమవారం అంటే పదమూడో రోజు. ఒక రోజు సందు ఉంది. డాక్టరు బయల్దేరడానికి చెప్పాడా, తిరిగిరావడానికి చెప్పాడా? బయల్దేరడానికే అయ్యుంటుంది. అలా అనుకున్నాడు. అలా అనుకుంటే కొలత సరిపోయింది మరి.

"సరే" అన్నాడు.

"దానికేం, మహారాజులా వెళ్లండి" అన్నాడు ఓనరు.

మధ్యాహ్నం దాకా మరో పదకొండు పలకలు కోశాడు. ఒక్కటీ తప్పలేదు. ప్రతిసారీ ఒకటి కలిపేటప్పుడు పెదవులు కదిపి కలిపాడు. లప్పం అది చూసి, మంత్రం జపిస్తున్నావా అని వేళాకోళం చేశాడు. అన్నం తిని, గంట ఇప్పించుకుని, మేస్త్రి స్టేషనుకి నడిచాడు.

పాసుల కిటికీ దగ్గర నలుగురున్నారు. లోపల కూచున్నావిడ మెడలో కళ్లజోడు తాడుకి కట్టుకుంది. ఆవిడకీ జనానికీ మధ్య అడ్డంగా ఉన్న అద్దం మూల నెర్రె పడి ఉంది. చట్రంలో బిగించి కొట్టారు, ఊపిరాడేంత జాగా కూడా వదల్లేదు. ఎవడో పని తెలీనివాడు వేశాడని మేస్త్రి మనసులో తిట్టుకున్నాడు. వంతు వచ్చింది.

"ఇద్దరికి. సెలవుల పాసు" అన్నాడు.

"ఎన్నాళ్లకి?"

నోటి చివర ఉన్నది వారం. రాత్రంతా కోసి పెట్టుకున్నది వారం. కానీ శనివారం పోయింది, చట్రం పోయింది. పదమూడో రోజున ఎక్కి ఏడు రోజులు తిరిగినా చట్రం దాటినట్టే. దాటాక ఎంత దాటితేనేం? అక్క మొహం కళ్లముందు ఆడింది. ఎక్కువైతే లోపలికి మడుచుకోవచ్చు.

"త్వరగా తేల్చవయ్యా, బండి పోయేట్టుంది" అన్నాడు వెనకాయన.

"మూడు వారాలు" అన్నాడు మేస్త్రి. గొంతు తనది కాదేమో అనిపించింది. యాభైతొమ్మిదేళ్లలో కావలసినదానికన్నా పొడుగ్గా ఏదైనా కోయడం అదే మొదలు.

"ఎప్పటినుంచి వెయ్యమంటారు? ఇవాళ్టినుంచైనా వెయ్యొచ్చు. ఆరింటి బండి ఎక్కేయొచ్చు."

"కాదు, కాదు. పై సోమవారం నుంచి."

"చూసుకోండి. వేశాక మార్చడం ఉండదు."

"పై సోమవారమే."

ఆవిడ ముద్రని సర్ది, రెండు పాసుల మీదా కొట్టింది. మేస్త్రి పాసుల్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలో ఎందుకో ఈల వేయాలనిపించింది. వేయలేదనుకోండి, అతనికి ఈల రాదు.

*

అయిదింటికల్లా ఇంటికి చేరాడు. తలుపు తీసే ఉంది. అక్క కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టు నున్నగా దువ్వుకుంది. బయటికి వెళ్లేటప్పుడు కట్టే బూడిదరంగు చీర కట్టుకుంది, కాళ్లకి బూట్లు వేసుకుంది. కుర్చీ పక్కన గుడ్డసంచి నిలబెట్టి ఉంది. ఎవరికో బట్టలిచ్చి వచ్చిందేమో అనుకున్నాడు.

"తెచ్చావా? ఏదీ, ఏదీ!" అంది.

ఇచ్చాడు. అక్క కళ్లజోడు పెట్టుకుని, పాసుని వెలుతురు వైపు తిప్పి, కొలతలు చదివినట్టే పెదవులు కదుపుతూ చదివింది. "మూడు వారాలా!" అంది. మళ్లీ చదివింది. "ఓరి నీ ఇల్లు బంగారం కానూ! మూడు వారాలే!" అని పకపకా నవ్వింది. నవ్వుతో ఆయాసం వచ్చి, చెయ్యి గుండె మీద పెట్టుకుని ఆగింది. ఆయాసం తగ్గాక మొహంలో నవ్వు కూడా మెల్లగా తగ్గింది.

"అయితే డాక్టరు అంత మాటన్నాడన్నమాట" అంది.

"ఏ మాట? ఏమన్లేదు. బానే ఉన్నావన్నాడు."

"నువ్వు వారం తెచ్చుంటే నమ్మేదాన్నిరా. వీడి బుద్ధి ఇంతే, నాకేం లేదు, అనుకునేదాన్ని." పాసు అంచుని బొటనవేలితో నిమిరింది. "నువ్వు మూడు వారాలు కోశావంటే ఏదో పెద్దదే దాస్తున్నావు."

మేస్త్రి వెనక్కి జరిగి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఏడుపు ముంచుకొచ్చింది, ఏడవలేదు. ఏడిస్తే ఆవిడే లేచి వచ్చి ఓదారుస్తుందని తెలుసు.

"ఏడవకు" అంది అక్క, చూడకుండానే. "నాకు తెలీదనుకున్నావా? నా చీలమండల కొలత నాకు తెలీదూ?" తర్వాత పాసుని దగ్గరికి తెచ్చుకుని ముద్ర చూసింది. చాలాసేపు చూసింది. "సోమవారం అని ఉందేం? పై సోమవారమా?"

"బడి పని ఉంది. తొంభై అద్దాలు. ఓనరు..."

"ఇవాళే ఎక్కొచ్చని కాగితంలో ఉందిగా."

"ఉంది."

"ఏం లేదు, ఇవాళే ఎక్కుదామంటావేమో అని సంచి సర్దాను" అంది అక్క. నింద కాదు. మామూలుగా, కూర తరిగాను అన్నంత మామూలుగా. "ఆరింటికి ఒక బండి ఉందిగా. నీ చొక్కాలు నాలుగు పెట్టాను. పర్లేదులే, పదకొండు రోజులే కదా. ఈలోగా ఆ నీలం చొక్కాకి బొత్తాలు కూడా కుడతాను."

మేస్త్రి వంగి సంచి లోపల చూశాడు. చొక్కాలు మడతపెట్టి ఉన్నాయి, కింద అతని దుప్పటి, పైన మందుల డబ్బా. సంచి అంచుకి లోపల రెండు వేళ్ల గుడ్డ మడిచి కుట్టి ఉంది. సంచికి కూడా, ఎప్పుడైనా పెద్దదవుతుందేమోనన్నట్టు. పొద్దున తప్పు కోసిన పలక కళ్లముందు మెదిలింది. ఇక్కడా అదే తప్పు చేశాను అనుకున్నాడు. చివర ఎంత కోయాలా అని మూడు రోజులు చచ్చాను, ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకోలేదు.

"పాసు సంగతి వదిలెయ్" అన్నాడు. "పొద్దున మామూలు టికెట్టు కొనుక్కుని ఎక్కేద్దాం. పాసు పై సోమవారం నుంచి వాడుకుందాం. ఎక్కడుంటే అక్కణ్నుంచి."

"పొద్దునే? మరి అద్దాలో?"

"పగలనీ!"

అక్క ఈసారి నవ్విన నవ్వు అతను చిన్నప్పుడు విన్న నవ్వు. కళ్లలో నీళ్లొచ్చాయి ఆవిడకి. "గాజుమేస్త్రి అనే మాటేనా ఇది! వెళ్లు, వెళ్లు, ఓనరుకి చెప్పి రా. చెప్పకుండా పోతే బాగుండదు. వచ్చేటప్పుడు దారిలోకి రొట్టె తీసుకురా."

"బూట్లు విప్పి పడుకోరాదూ?"

"విప్పడం ఎందుకు, మళ్లీ తొడుక్కోవడం ఎందుకు? కాసేపు ఇలా కూర్చుంటాను." పాసులు రెండూ కిటికీ అద్దం పక్క సందులో గుచ్చింది. "నువ్వు లప్పం పూయకపోవడం మంచిదే అయింది. లేకపోతే ఇవెక్కడ పెట్టేదాన్ని?"

కొట్టు ఇంకా మూయలేదు. మేస్త్రి వెళ్లి, తలుపు బార్లా తెరిచి ఉండగానే, లప్పం వింటుండగానే, అన్నాడు: "అక్కకి గుండె జబ్బు. డాక్టరు ఎక్కువ రోజులు చెప్పలేదు. రేపటినుంచి నేను రాను."

ఓనరు కుర్చీలోంచి లేచాడు. "అయ్యో మేస్త్రీ! ఈ మాట పొద్దున చెప్పాల్సింది కదా! పొద్దునే పంపేవాణ్ణి కదా! అడగందే అమ్మయినా పెట్టదంటారు, నాకెలా తెలుస్తుంది చెప్పండి?"

లప్పం బల్ల దగ్గర్నుంచి లేచాడు. చేతికున్న లప్పం గుడ్డతో తుడుచుకుంటూ గుమ్మందాకా వచ్చి సాగనంపాడు. "నాలుగు రోజులు నేనే కోస్తాలే, కొత్త బద్దతో" అన్నాడు.

మేస్త్రి రొట్టె కొన్నాడు. ఒకటి చాలు, రెండు కొన్నాడు. మెట్లు గబగబా ఎక్కాడు. కింద ఆరింటి బండి అప్పుడే స్టేషను వదిలింది. ఇంకా ఎండ పోలేదు, గది సగం దాకా పడి ఉంది. అలవాటుగా పక్కకి తిరిగి లోపలికి వచ్చాడు.

"ఒప్పుకున్నాడే అక్కా! పొద్దున చెప్పుంటే పొద్దునే పంపేవాణ్ణన్నాడు. తిట్టు నన్ను, ఇవాళ నువ్వేమన్నా పడతాను" అన్నాడు, రొట్టెల్ని సంచి మీద పెడుతూ.

అక్క కిటికీ వైపే చూస్తోంది. తల కుర్చీ వీపుకి ఆని ఉంది. కళ్లజోడు కొంచెం జారింది. చేతులు రెండూ ఒళ్లో, అరచేతులు పైకి, ఖాళీగా ఉన్నాయి. సూది లేదు, దారం లేదు, టేపు లేదు.

"అక్కా" అన్నాడు. కాసేపాగి ఇంకోసారి అన్నాడు. తర్వాత దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెయ్యి పట్టుకున్నాడు, వెచ్చగానే ఉంది. వెచ్చగా ఉందని చాలాసేపు పట్టుకునే కూర్చున్నాడు. వెచ్చదనం తగ్గుతూ వచ్చింది. అప్పుడు బూట్ల ముడులు విప్పడం మొదలుపెట్టాడు. ఆరింటి బండి కోసం కట్టిన ముడులు, గట్టిగా ఉన్నాయి. ఒకటి విప్పి, రెండోది విప్పలేక, ఆ పాదం మీద తల పెట్టుకుని బావురుమన్నాడు. కింది వాటావిడ ఆ ఏడుపు విని పైకొచ్చింది.

*

నాలుగో రోజున మేస్త్రి కొట్టుకి వెళ్లాడు. ఓనరు వద్దన్నాడు, అతను వినలేదు. ఆదివారం సాయంత్రానికి తొంభై అద్దాలూ పూర్తయ్యాయి. సోమవారం బడి తెరిచారు.

ఆ సోమవారం పొద్దున లప్పం మేడెక్కి వచ్చాడు, చేతిలో కొత్త లప్పం ముద్దతో. ఏదో ఒకటి చెయ్యాలని వచ్చాడు పాపం. కిటికీ దగ్గరికెళ్లి చూసి, "ఇది పూసిపోతాను మేస్త్రీ, అయిదు నిమిషాల పని" అన్నాడు.

"వద్దు" అన్నాడు మేస్త్రి.

లప్పం సందులో గుచ్చి ఉన్నది చూసి, ముద్దని మళ్లీ గుడ్డలో చుట్టేశాడు. ఇద్దరూ కలిసి మెట్లు దిగారు. మేస్త్రి అన్నం డబ్బా తనే కట్టుకున్నాడు. సంచి కుర్చీ పక్కనే ఉంది, దాన్ని ఎవరూ విప్పలేదు.

కింద ఎనిమిదింటి బండి వెళ్లింది. కిటికీ అద్దం గలగలమని, సందులోని రెండు పాసులూ, తేదీ గది వైపు తిరిగి ఉన్నవి, దానితోపాటే కొంచెం అదిరి ఆగాయి.